ఒడ్డినది యెవరిది?

సూరతు నగరమున, తపతీ నది యొడ్డున, అశ్వినీకుమార ఘట్టమని యొక శ్మశానతీర్థము గలదు. ఆడుగుర్రపు రూపము దాల్చిన సంజ్ఞాదేవి యందు సూర్యునకు జన్మించిన దేవవైద్యుల పేరు దానిది. కర్ణుని దేహమునకు అచ్చటనే అగ్నిసంస్కారము జరిగెననియు, అచ్చటి మూడాకుల మర్రి అందుకు సాక్షి యనియు ఆ యూరివారి నమ్మకము. తపతి సూర్యుని కుమార్తె, సంవరణుని యిల్లాలు, కురుమహారాజునకు తల్లి. గంధర్వుడొకడు అర్జునుని తాపత్యుడని పిలిచి, ఆ పేరునకు కారణమడిగిన అతనికి ఈ కథనంతయు చెప్పినట్లు ఆదిపర్వమున నున్నది. కావున జూదమున రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ధర్మపత్నిని ఒడ్డి కోల్పోయిన ధర్మరాజు ఈ నదీమతల్లి సంతతివాడే. అశ్వదేవతల పేరు మోయుచున్న ఆ తీరమున, జూదరి వంశమునకు తల్లియైన ఆ నది ప్రక్కన కూర్చుండి, గుర్రపుపందెము ధర్మమా, అధర్మమా యని ఆలోచింపవలసిన సందర్భమొకటి నాకు కలిగినది.

లింబాయత్ ప్రాంతమున తెలుగు మాట వినబడు వీథులు పెక్కు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చిన పద్మశాలి కుటుంబములు తరములుగా అచ్చట సాంచాలు నడుపుచున్నవి. మార్కండేయమహర్షిని కులమూలపురుషునిగా కొలుచు ఆ జనులకు కూలి, నేసిన మీటర్ల లెక్కన ముట్టును. పోగు తెగినచో లెక్కయు తెగును. ఫిబ్రవరి మాసమున ఒక సోమవారము సాయంకాలము, చాయ్ దుకాణము ముందర, ముందునాడు బొంబాయి మహాలక్ష్మీ మైదానమున ఇండియన్ డెర్బీ చూచి వచ్చిన మామా అల్లుండ్ర సంభాషణము నా చెవిని బడినది. అల్లుడు యువకుడు, కాసిన గుర్రము ఓడినది.

"తల్లి గెలిచిన గుర్రమే, తండ్రి గెలిచిన గుర్రమే. ఇది ఓడుడేంది మామా? గుర్రంల తప్పు లేదు. నా నసీబే మంచిగ లేదు."

"నసీబు గాదురా అల్లుడా. కడపటి మలుపుల గుర్రాల నడుమ ఇరికింది. తోవ దొరికేసరికే అయిపాయె. జాకీ జరంత ముందుగల్ల బయటికి తీస్తే గెలుస్తుండె."

పాల కొరకు వచ్చిన ముసలమ్మ యొకతె ఆ మాటలు విని నిలిచినది. కండెలు చుట్టి చుట్టి ఆమె వ్రేళ్లు వంకరపోయియున్నవి. ఆమె కోపింపలేదు, నీతి చెప్పలేదు.

"గా పైసలు ఎవలియి బిడ్డా?" అని మాత్రము అడిగినది.

అల్లుడు బదులు చెప్పలేదు. మామయు చెప్పలేదు. గెలుపోటములకు కారణము అదృష్టమని యొకడు, నేర్పని యొకడు వాదించుచుండగా ఈ మూడవ మాట వచ్చినంతనే మొదటి రెండును మౌనము వహించినవి. మన ధర్మశాస్త్రములును, ఇతిహాసములును, న్యాయస్థానములును ఈ విషయమున పలికిన పలుకులను ఆ ముసలమ్మ ప్రశ్నయొక్క వెలుగున చదువవలెనని నాకు అప్పుడు తోచినది.

ముందుగా పందెపుగుర్రమునకు చేయవలసిన న్యాయము చేయవలెను. దానిని కన్నులార చూడనివాడు చేయు నిందకు విలువ లేదు. నాలుగేండ్ల ప్రాయపు మేలుజాతి గుర్రములు 2400 మీటర్ల దూరమును రమారమి రెండున్నర నిమిషములలో దాటుచుండగా, కడపటి మలుపు తిరిగి అవి యెదుటికి వచ్చునప్పుడు నేల గుండెవలె కొట్టుకొనును. వేలమంది జనుల ఊపిరి ఒక్కటై నిలిచిపోవును. ఆ జాతికి పితామహులుగా చెప్పబడు మూడు గుర్రములలో రెంటిని అరబ్బులనియు, ఒకదానిని తురుష్కమనియు పిలుతురు; ఇంగ్లండువారు వాని సంతతిని 1791 మొదలుగా గ్రంథమున కెక్కించి, మన పండితులు గోత్రప్రవరలు కాపాడినంత శ్రద్ధగా కాపాడుచున్నారు. ఆ యల్లుడు గుర్రపు తల్లిదండ్రుల చరిత్రను నోట నుంచుకొనుట ఆ సంప్రదాయమున భాగమే.

గుజరాతు దేశమునకు ఈ క్రీడతో గల సంబంధము చిన్నది కాదు. 1943లో మొదటి ఇండియన్ డెర్బీని గెలిచిన ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అను ఆడుగుర్రము బరోడా మహారాజుది. అంతకు ముందే, 1934లో, సూరతుకు ఈశాన్యముగా నర్మదకు దక్షిణమున నున్న రాజపిప్లా సంస్థానపు మహారాజు విజయసింహజీ గుర్రము విండ్సర్ లాడ్, ఇంగ్లండులోని ఎప్సమ్ మైదానమున డెర్బీ గెలిచినది. ఆ పందెమున అంతవరకు ఓటమి యెరుగని కొలంబో యను గుర్రముపై జనులు గంపెడాశ పెట్టుకొనిరి. అది మూడవదిగా వచ్చినది. తరువాత మహారాజు విండ్సర్ లాడ్‌ను 50,000 పౌండ్లకు మార్టిన్ బెన్సన్ అను వానికి అమ్మెను; ఆ కొన్నవాడు పందెములు కట్టించుకొను బుకీ. ఆ యేడే అది సెయింట్ లెజర్ పందెమును గెలిచినది. రాజు సొత్తుగా పరుగెత్తినప్పుడును, బుకీ సొత్తుగా పరుగెత్తినప్పుడును ఆ గుర్రపు గుండె ఒక్కటే, కాళ్లు నాలుగే. యాజమాన్యము కాగితముపై మారినది. పరుగు మాత్రము మొదటినుండియు గుర్రముదే. "ఎవలియి?" అను ప్రశ్న పైసలకే కాక ఆ పరుగునకును తగులునని ఇచ్చట గుర్తింపవలెను.

ఇక శాస్త్రమును విచారింతము. మనుస్మృతి ప్రాణములేని వస్తువులతో ఆడు పందెమును ద్యూతమనియు, ప్రాణులతో ఆడించు పందెమును సమాహ్వయమనియు వేరుపరచి, రెంటిని కూడ రాజ్యమునుండి తొలగింపవలెనని రాజును శాసించినది. కౌటిల్యుడు అట్లనలేదు. జూదమునకు ఒక అధ్యక్షుని నియమించి, నియతస్థలమున ఆడించి, గెలిచిన సొమ్ములో నూటికి 5 వంతున రాజభాగము గ్రహింపుమనెను. యాజ్ఞవల్క్యుడును ఆ మార్గమునే పట్టెను. విజ్ఞానేశ్వరుడు దానిని వ్యాఖ్యానించెను. ఆ విజ్ఞానేశ్వరీయమును 13వ శతాబ్దిలో కేతన తెలుగు చేసెను. కావున నిషేధింపవలెనా, నియమించి పన్ను గ్రహింపవలెనా యను వాదము నేటిది కాదు. నేటి రాజ్యము రెండవ త్రోవను నడచుచున్నది. 1996 జనవరి 12వ తేదీన మన సుప్రీంకోర్టు గుర్రపుపందెమున గెలుపు ప్రధానముగా నేర్పుపై ఆధారపడునదే కాని కేవలము దైవాధీనము కాదని తీర్పు చెప్పినది. ఒడ్డిన పూర్తి సొమ్ముపై నూటికి 28 వంతున వసూలైన జీఎస్టీ, 2025 సెప్టెంబరు 22 నుండి 40 అయినది. కౌటిల్యుని 5 గెలిచినవాని సొమ్మునుండి; ఇప్పటిది ఓడినవాని సొమ్మునుండి కూడ.

సుప్రీంకోర్టు తీర్పు ఆ మామ పక్షమును సమర్థించినది. కాని న్యాయస్థానము విచారించినది ఈ ఆట చట్టదృష్టిలో జూదమగునా కాదా యనియే. ఒడ్డినవాడు చేసినది మంచియా చెడ్డయా యని అది విచారింపలేదు, విచారింపవలసిన అవసరమును దానికి లేదు. శిక్ష లేనిదెల్ల ధర్మము కాదని మన పెద్దలెరుగుదురు.

అల్లుని పక్షమును కూడ పరీక్షింపవలెను. "నా నసీబు" అని అతడన్నదానికి మనము సాధారణముగా వాడు మాట అదృష్టము. ఆ పదమునకు అర్థము కంటికి కనబడనిది యని. జీవుడు చేసిన కర్మ తక్షణమే ఫలింపక, పుణ్యపాపరూపమున అతనియందు నిలిచియుండి, కాలము వచ్చినప్పుడు ఫలించునని నైయాయికులును వైశేషికులును చెప్పి, ఆ నిలిచియున్న దానిని అదృష్టమనిరి. అనగా అది కారణము లేని కానుక కాదు. మనము చేసి మరచిన పనియొక్క ముఖము. అట్లైనచో "నా అదృష్టమెట్లున్నదో చూచుకొందును" అని పందెము కాయువాడు తన జన్మాంతర కర్మల లెక్కను ఒక గుర్రపు కాళ్లతో వ్రాయింపబూనుచున్నాడు. ఆ గుర్రమునకు దాని కర్మ దానికి గలదు. జాకీకి అతని కర్మ అతనికి గలదు. మైదానమునందలి వేలమందికి వేలకర్మలు గలవు. అన్నిటిని మరచి, ఆ పరుగు తన్ను గూర్చి దైవము పంపిన తీర్పని భావించుటలో గల అహంకారము సూక్ష్మమైనది గనుకనే ప్రమాదకరమైనది. గెలిచినవాడు దైవము తనను మెచ్చెననుకొనును. ఓడినవాడు దైవము తనను విడిచెననుకొనును. నిజమునకు దైవము ఇద్దరి మాటయు ఎత్తలేదు.

నేర్పనియు అదృష్టమనియు రెండుగా చీలిన ఈ వాదమును ఒక్క కథలో ఇమిడ్చి చూపినది అరణ్యపర్వమునందలి నలోపాఖ్యానము. పుష్కరునితో జూదమాడి సర్వము కోల్పోయిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునకు సారథియైనాడు. గుర్రముల మనసెరిగిన విద్య, అశ్వహృదయము, నలునిది. పాచికల మనసెరిగిన విద్య, అక్షహృదయము, ఋతుపర్ణునిది. త్రోవలో ఒక తాండ్రచెట్టు ఆకులను కాయలను రాజు చూపుమాత్రమున లెక్కించెను. నలుడు రథమాపి లెక్కించి చూడగా అది సరిపోయినది. అప్పుడు విద్యకు విద్య మారకమైనది. అక్షహృదయము తెలిసినంతనే నలుని దేహమునుండి కలి వెలువడి ఆ తాండ్రచెట్టునే ఆశ్రయించెను. వెనుకటి కాలపు పాచికలు ఆ చెట్టు కాయలే యని తలచినచో ఈ కథయొక్క లోతు తెలియును. గుర్రము తెలిసినవానికి జూదము తెలియలేదు. జూదము తెలిసినవానికి గుర్రము తెలియలేదు. నేటి పందెపుమైదానమున రెండు విద్యలును తనకు కలవని ప్రతివాడును అనుకొనుచున్నాడు.

విద్య గలవాడు ఆడవచ్చునన్న మాట యీ కథవలన వచ్చునా? నలుడు మరల ఆడెను, గెలిచెను గదా యని కొందరందురు. అవును, కాని గెలిచిన నలుడు చేసినదేమి? పుష్కరుని ప్రాణములు తీయక, దాసునిగా చేసికొనక, అతని భాగము అతనికి తిరిగి యిచ్చి, కౌగిలించుకొని పంపెను. కలి విడిచినవాని లక్షణము గెలుచుట కాదు. గెలిచినదానిలో తనది కానిదానిని గుర్తించి తిరిగి యిచ్చుట. కథ కూడ చివరకు ముసలమ్మ ప్రశ్నవద్దకే వచ్చినది.

ఆ ప్రశ్న ఆమెకంటె ముందు ఒక మహారాణి అడిగినది. సభకు రమ్మని పిలువవచ్చిన ప్రాతికామితో ద్రౌపది యేడ్పును చెప్పి పంపలేదు, శాపమును చెప్పి పంపలేదు. రాజు ముందుగా తన్నొడ్డెనా, నన్నొడ్డెనా అడిగి రమ్మనెను. తన్ను తాను కోల్పోయినవానికి ఇంకొకరిని ఒడ్డు అధికారమెక్కడిది? ధర్మము సూక్ష్మమనుచు భీష్ముడు కూడ తేల్చి చెప్పలేకపోయెను. పాచికలు మోసపు పాచికలా, శకుని నేర్పెంతటిది యని ఆమె ఆ కబురులో అడుగలేదు. ఆటలోని అన్యాయముకంటె ఆటకు ముందటి అన్యాయము పెద్దది: తనది కానిదానిని తనదనుకొని ముందు పెట్టుట. లింబాయత్ వీథిలో పాలగిన్నె చేతబట్టి నిలిచిన ముసలమ్మ భారతము చదివియుండకపోవచ్చును. కాని ఆమె అడిగినది ద్రౌపది అడిగినదే. సాంచ వద్ద నిలుచువాడు ఒక్కడే గాని, ఆ కూలిలో కండెలు చుట్టిన తల్లి వ్రేళ్లును, తాను తక్కువ తిని బిడ్డకు మిగిల్చిన భార్య ఆకలియు, ఆ బిడ్డ బడి రుసుమును పడుగుపేకలవలె అల్లుకొనియున్నవి. వానిలోనుండి ఒక్క పోగును "ఇది నాది" యని విడదీయుట సాధ్యము కాదు.

తన స్వాతంత్ర్యమునే ఒడ్డిన వారి మాటయేమి? దీనికి బదులు మన వాఙ్మయమునందలి ఒక పురాతనమైన గుర్రపుపందెములోనే యున్నది. పాలసముద్రమున లక్ష్మీదేవియు, ఉచ్చైశ్శ్రవమును తోబుట్టువులవలె పుట్టిరి. ఆ గుర్రము తోక తెల్లనిదా, నల్లనిదా యని కద్రువయు వినతయు పందెము వేసికొనిరి. ఓడినది దాసి కావలెను. వినత ఒడ్డినది తన్ను మాత్రమే. కాని ఓడిన తల్లికి పుట్టిన గరుత్మంతుడు పుట్టుకతోనే దాసుడై పాములను మోసెను. గెలిచిన కద్రువ సంగతి? గుర్రపు తోకను చుట్టుకొని నల్లగా కనబడుమన్న మాట వినని కొడుకులను సర్పయాగాగ్నిలో పడుడని ఆమెయే శపించెను. ఓడిన తల్లి బిడ్డకు దాస్యము, గెలిచిన తల్లి బిడ్డలకు అగ్ని. పందెము వేసికొన్నవారు ఇద్దరు. మూల్యము చెల్లించినది ఇద్దరి సంతానము. తన్ను మాత్రమే ఒడ్డుట అనునది లోకమున లేదు. తన్ను అనునది ఎన్నడును ఒక్కటి కాదు.

ధనవంతుడు మిగులు సొమ్ముతో వినోదముగా కాసినచో దోషమేమి యని ఇంకొక ప్రశ్న గలదు. ఇది పక్కకు నెట్టవలసినది కాదు. సూరతు రేవున వీర్‌జీ వోరా వంటి వర్తకులు 17వ శతాబ్దిలో సముద్రమును నమ్మి సరకులను పంపిరి. అదియు సాహసమే, అందును నష్టభయము గలదే. కాని ఓడ తిరిగి వచ్చినప్పుడు ఈ తీరమున లేని వస్తువు ఈ తీరమునకు చేరును. రైతు విత్తనము నొడ్డును, ధాన్యము పుట్టును. నేతగాడు నూలు నొడ్డును, వస్త్రము పుట్టును. పందెమున ఒడ్డిన సొమ్మునుండి పుట్టునదేమియు లేదు. టోటులో పడిన డబ్బునుండి పన్నును, క్లబ్బు భాగమును తీసివేయగా మిగిలినది గెలిచిన టిక్కెట్లవారు పంచుకొందురు. ఓడినవారి సొమ్ము తప్ప గెలిచినవానికి వేరొక నిధి లేదు. కావున ధనవంతుడు తన సొమ్మునే ఒడ్డియుండవచ్చును. గెలిచి ఇంటికి తెచ్చుకొన్నది మాత్రము తనది కాదు. అందులో ఆ యల్లుని వారపు కూలి యుండును. ఆ కూలిలో ముసలమ్మ వ్రేళ్లుండును.

భగవద్గీతలో శ్రీకృష్ణుడు వంచకులయందు ద్యూతము తానే యనెను గదా యని వాదించువారును గలరు. అదే అధ్యాయమున అశ్వములలో ఉచ్చైశ్శ్రవమును తానే యనెను. సర్వమును హరించు మృత్యువును తానే యనెను. విభూతులు చూచి నమస్కరించుటకు చెప్పబడినవి; చేజిక్కించుకొనుటకు కాదు. మృత్యువు భగవంతుని విభూతి యని ఎవడును హత్య చేయరాదు. గుర్రము పరుగునందలి తేజస్సును కన్నులనిండ చూచి, అది యెవరిదో తెలిసికొని చేతులు జోడించినవానికి ఆ దృశ్యము పూర్తిగా దక్కును. టిక్కెట్టు చేతబట్టినవానికి దక్కునది ఒక్క గుర్రము మాత్రమే; తక్కిన గుర్రముల అందమంతయు అతనికి శత్రువగును.

వేదములు పరుగును నిషేధింపలేదు. వాజపేయమున పదునేడు రథములు పరుగెత్తును. యజమానుడే గెలువవలెనని ముందే నిర్ణయము. ఐతరేయ బ్రాహ్మణమున దేవతల పందెమొకటి గలదు. అగ్ని కంచరగాడిదలతోను, ఉషస్సు గోవులతోను, ఇంద్రుడు గుర్రములతోను, అశ్వినులు గాడిదలతోను పరుగెత్తిరి, అశ్వినులు గెలిచిరి. గెలిచి, తమకు దక్కిన స్తోత్రమున అగ్నికిని, ఉషస్సునకును, ఇంద్రునకును భాగములిచ్చిరి. ఆ పరుగున గాడిదలు తమ వేగమును కోల్పోయినవని కూడ ఆ గ్రంథము మరువక చెప్పినది. ఓడినవారికి భాగము, పరుగెత్తిన పశువు నష్టమునకు లెక్క — ఈ రెండును గల పందెమును మానవులు ఇంకను కనిపెట్టలేదు.

ఆ గ్రంథమే ఇంకొక కథ చెప్పినది. కవషుడను ఐలూషుని సరస్వతీతీరమున యజ్ఞము చేయు ఋషులు దాసీపుత్రుడని, జూదరియని వెడలగొట్టి, నీరు దొరకక చచ్చునట్లు ఎడారిలో విడిచిరి. దప్పికతో నున్న ఆతనికి ఒక సూక్తము దర్శనమైనది. సరస్వతి తన త్రోవ మరల్చుకొని అతని చుట్టు ప్రవహించినది. ఋషులు సిగ్గుపడి అతనిని తిరిగి పిలిచిరి. జూదరి దుఃఖమును, అతని భార్య దుఃఖమును చెప్పి, పాచికలు విడిచి పొలము దున్నుకొమ్మను ఋగ్వేదసూక్తమునకు, పదవ మండలమునందలి 34వదానికి, ఋషి అతడే యని ఒక సంప్రదాయము. జూదరిని వెలివేసినవారి వద్దనుండి నది లేచి జూదరి వద్దకు పోయినదన్నమాట. పందెమును నిందించు ధర్మము పందెగానిని విడిచిపెట్టరాదని ఇంతకంటె స్పష్టముగా చెప్పుట సాధ్యమా?

నాటి సాయంకాలము ముసలమ్మ ప్రశ్నకు బదులు రాలేదు. ఆమె బదులు కొరకు వేచియుండలేదు కూడ. పాలగిన్నె ఎడమచేతికి మార్చుకొని, వంకరపోయిన వ్రేళ్లతో ఆ పిల్లవాని తల నిమిరి, "తిన్నవా బిడ్డా?" యని యడిగినది. అతడు తల వంచి ఆమె వెంట నడచెను.